వీడియో చూడటం నుంచి వినడం దాకా: నా అనుభవం

ఇంగ్లీషు మాతృభాష కాని పెద్దవాళ్లకు యూట్యూబ్ వీడియోలు చూపిస్తూ పాఠం చెప్పేటప్పుడు అందరూ శ్రద్ధగా చూసేవారు కానీ, చూసినదాని గురించి అడిగితే సమాధానం వచ్చేది కాదు. గమనిస్తే, వారి కళ్లు తెర అడుగున కనిపించే క్యాప్షన్ల మీదే ఉంటున్నాయని, చెవికి పని పడటం లేదని తేలింది.

అప్పటి నుంచి నిమిషానికి మించని భాగాన్ని మాత్రమే ఎంచుకుని, ముందు క్యాప్షన్లు ఆపి వినిపించి, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడుతున్నారన్న ఒక్క ప్రశ్నే అడుగుతున్నాను. రెండోసారి వాక్యం వాక్యానికీ ఆపి విన్నది విన్నట్టు రాయిస్తాను. ఆ తరువాతే క్యాప్షన్లు పెట్టి, రాసినదానితో పోల్చుకోమంటాను. అసలు పాఠం ఇక్కడే ఉంది. 'షుడ్ హావ్' అన్న మాటలు సంభాషణలో 'షుడవ్' అయిపోతాయి కాబట్టి, చదివితే తేలికగా అర్థమయ్యే వాక్యం కూడా చెవికి కొత్తగా తోస్తుంది. అలాంటి చోట వేగాన్ని 0.75కు తగ్గించి, కీబోర్డు మీద ఎడమ బాణం నొక్కి 5 సెకన్లు వెనక్కి జరిపి వినిపిస్తాను. ఆ వెంటనే మామూలు వేగానికి తెచ్చి, వక్తతో పాటే పలికిస్తాను. నిదానపు వేగం దగ్గరే ఆగిపోవడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే బయట ఎవరూ అంత మెల్లగా మాట్లాడరు.

ఇప్పుడు క్యాప్షన్లు పెట్టమనే బదులు, మరోసారి వినిపించమని వాళ్లే అడుగుతున్నారు. అయితే వాటంతట అవే తయారయ్యే క్యాప్షన్లలో పేర్లు తరచూ తప్పుగా పడతాయి కనుక తరగతికి ముందే సరిచూసుకోవాలి, లేదా బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వారిలా పూర్తి పాఠ్యం జతచేసి ఇచ్చే వీడియోలను ఎంచుకోవాలి.