సైజు నంబరును నమ్మకండి, టేపు తీయండి

అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి దుకాణంలోనైతే చొక్కా తొడిగి చూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఆ వీలు లేదు కాబట్టి, మీకు చక్కగా సరిపోయే పాత చొక్కా ఒకటి మంచం మీద పరవండి. గుండీలన్నీ పెట్టి, ముడతలు సర్ది, చంకల కింద ఈ కుట్టు నుంచి ఆ కుట్టుకు టేపు పెట్టండి. 21 అంగుళాలు వస్తే చుట్టుకొలత 42. భుజం, పొడవు కూడా ఫోనులో రాసి పెట్టుకుని, కొనేముందు కంపెనీ ఇచ్చే కొలతల పట్టికతో పోల్చి చూడండి.

ఎందుకంటే 40 అనే నంబరు ఒక కంపెనీ పట్టికలో మనిషి ఛాతీ కొలత, ఇంకో కంపెనీ పట్టికలో చొక్కా కొలత. ఛాతీ మీద ఎంత వదులు ఇవ్వాలన్నది ఎవరి ఇష్టం వారిది. స్లిమ్ ఫిట్‌లో అది బాగా తగ్గుతుంది. ప్యాంట్ల సంగతి మరీ విడ్డూరం. 32 అని రాసి ఉన్నదానికి టేపు పెడితే 34 రావచ్చు, సన్నబడ్డామని మనం మురిసిపోవడానికి! మన రాయదుర్గం జీన్సుకైనా ఇదే పద్ధతి, నడుము పట్టీ కొలిచే తీసుకోండి.

మన దేశపు ఒడ్డూపొడవులకు తగిన పట్టిక కోసం ఫ్యాషన్ చదువుల జాతీయ సంస్థ నిఫ్ట్ ‘ఇండియాసైజ్’ సర్వే చేపట్టింది. అది అన్ని దుకాణాలకూ చేరేదాకా టేపే దిక్కు. నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, అర అంగుళం ఎక్కువే చూసుకోండి.