పిల్లలతో మొదటి జింకల సీజన్: విస్కాన్సిన్‌లో ఎలా సిద్ధం కావాలి?

నవంబర్లో వచ్చే అమెరికా పండుగ థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం తెల్లవారుజామున విస్కాన్సిన్‌లో ఏ గ్యాస్ స్టేషన్‌కి వెళ్లినా నారింజ రంగు జాకెట్లే కనిపిస్తాయి. ఆ రోజు మొదలై తొమ్మిది రోజులు సాగే జింకల వేట తుపాకీ సీజన్‌కి అయిదు లక్షల మందికి పైగా లైసెన్స్ తీసుకుంటారు. తర్వాతి సోమవారం స్కూల్లో పిల్లల నోట అవే కబుర్లు. మా అమ్మాయి కూడా పన్నెండేళ్లప్పుడు అడిగింది: "నాన్నా, మనమెందుకు వెళ్లం?"

మన ఇండియాలో జింకను వేటాడటం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అందుకే ఉంది. తెలంగాణకి జింక, ఆంధ్రప్రదేశ్‌కి కృష్ణజింక రాష్ట్ర జంతువులు కూడా. ఇక్కడ సంగతి వేరు. ఇక్కడి తెల్లతోక జింకల సంఖ్యను అదుపులో ఉంచడానికి రాష్ట్ర సహజ వనరుల శాఖ, అంటే డీఎన్ఆర్, వేటనే ముఖ్యమైన సాధనంగా వాడుతుంది. ఈ తేడాని ముందు పిల్లలకి చెప్పాలి. ఇండియా వెళ్లినప్పుడు తాతయ్య ముందు ఈ మాట వస్తే ఏం చెప్పాలో వాళ్లకి తెలియాలి కదా.

ముందు పిల్లల మనసు తెలుసుకోండి

అడిగిన వెంటనే సరే అనకండి. వేటంటే ఒక జీవం పోతుందని, దాని కడుపు మన చేతులతోనే కోసి శుభ్రం చేయాలని ఉన్నదున్నట్టు చెప్పండి. రెండు వారాలయ్యాక కూడా వస్తానంటే అప్పుడు మొదలుపెట్టండి. ఇంకో మాట కూడా అప్పుడే ఇవ్వాలి. ట్రిగ్గర్ మీద వేలు పెట్టాక కూడా "వద్దు" అనొచ్చు, ఎందుకని నాన్న అడగడు. నా మటుకు ఇది తుపాకీ కొనడం కన్నా ముఖ్యమైన పని.

కాగితాల పని

హెచ్-1బీ, ఎల్-1, హెచ్-4 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఈ పేరా జాగ్రత్తగా చదవండి. ఫెడరల్ చట్టం ప్రకారం మనం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. అమెరికాలో ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మాత్రం ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. ఇది పిల్లలకీ వర్తిస్తుంది. కాబట్టి లైసెన్స్ చేతికి రాకముందే ఫ్రెండ్ తుపాకీతో రేంజ్‌లో "ఊరికే రెండు" కాల్చి చూడటం లాంటివి వద్దు. లైసెన్స్ గడువు దాటితే మినహాయింపు కూడా పోతుంది. తుపాకీ కొనాలనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ చిక్కు లేదు.

ఇక 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలి. అంటే మనలో చాలామంది తల్లిదండ్రులకీ కావాలి. పెద్దవాళ్లు ఆన్‌లైన్లో ముగించవచ్చు, పిల్లలు మాత్రం ఇన్‌స్ట్రక్టర్ ముందు తుపాకీ పట్టుకుని చూపించాలి. వీలైతే ఇద్దరూ ఒకే క్లాసులో చేరండి. పక్క బెంచీలో నాన్న కూడా పరీక్ష రాస్తుంటే పిల్లలు ఈ పనిని ఇంకాస్త గట్టిగా పట్టించుకుంటారు. సర్టిఫికెట్ లేని పిల్లలు కూడా మెంటార్‌తో, అంటే పక్కనే ఉండి నేర్పే పెద్దవాళ్లతో, వేటాడొచ్చు. విస్కాన్సిన్ 2017లో దీనికి కనీస వయసు తీసేసింది. మెంటార్ చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉండాలి. అయినా కోర్సు అయ్యాకే తీసుకెళ్లమని నా సలహా. పదహారేళ్ల లోపు పిల్లల కోసం అక్టోబర్లో రెండు రోజుల యూత్ హంట్ పెడతారు. చలి తక్కువ, అడవిలో జనం తక్కువ కాబట్టి మొదటిసారికి అదే నయం. లైసెన్సులు డీఎన్ఆర్ వాళ్ల గో వైల్డ్ వెబ్‌సైట్లో దొరుకుతాయి.

వేసవి అంతా సాధన

కోర్సులో నాలుగు సూత్రాలు నేర్పుతారు. ప్రతి తుపాకీనీ లోడ్ చేసి ఉన్నట్టే చూడాలి. గొట్టం ఎప్పుడూ ప్రమాదం లేని వైపే ఉండాలి. కాల్చేది ఏమిటో, దాని ముందూ వెనకా ఏముందో తేల్చుకోవాలి. కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటే ఉండాలి. మా ఇంట్లో ఇవి ఎక్కాల్లా నోటికి వచ్చేదాకా చెప్పించాను.

ముందు చిన్న తూటా కాల్చే .22 రైఫిల్‌తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక .243 లాంటి తక్కువ వెనక్కి తన్నే రైఫిల్‌కి మారండి. పెద్దవాళ్ల తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే భాగం, పిల్లల చేతికి పొడవు ఎక్కువ, కాబట్టి యూత్ మోడల్ తీసుకోండి. చెవులకీ కళ్లకీ రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చనివ్వొద్దు.

మా అమ్మాయికి .243తో గురి ఎందుకు తప్పుతోందో మొదట అర్థం కాలేదు. ఒకరోజు తనకి చెప్పకుండా అసలు తూటాల మధ్య ఒక డమ్మీ తూటా పెట్టాను. ట్రిగ్గర్ నొక్కింది, టక్కుమంది, పేలలేదు. కానీ గొట్టం కొస మాత్రం రెండంగుళాలు కిందికి వంగింది. పేలుడు వస్తుందని ఒళ్లు ముందే బిగుసుకుంటోందన్నమాట. అది తన కళ్లతో తనే చూసింది. అక్కడి నుంచి మూడు వారాలు డమ్మీలు కలిపి సాధన చేశాక ఆ ఉలికిపాటు పోయింది.

దూరం తేల్చడానికి ఆరంగుళాల పేపర్ ప్లేట్ చాలు. బెంచీ మీద కాదు, అడవిలో కూర్చున్నట్టే కూర్చుని మూడుకి మూడూ ప్లేట్లో పడే దూరమే ఆ పిల్లల హద్దు. మా అమ్మాయికి అది 70 గజాలు. ఆ సీజన్ మొత్తంలో 71వ గజంలో ఉన్న జింక మాది కాదనుకున్నాం.

ఆ రోజు ఉదయం

తుపాకీ సీజన్లో నడుము పైభాగంలో కనీసం సగం బట్ట మెరిసే నారింజ గానీ ఫ్లోరసెంట్ గులాబీ గానీ ఉండాలి, టోపీకీ అంతే. జింకలకి ఎరుపు, నారింజ మనకి కనిపించినట్టు కనిపించవు కాబట్టి ఆ రంగుతో నష్టం లేదు. నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. అందుకే బట్టలకి నీలపు మెరుపునిచ్చే డిటర్జెంట్‌తో ఉతక్కండి.

పిల్లలతో చెట్టు మీది స్టాండ్ ఎక్కొద్దు. పెద్దవాళ్లే అక్కడి నుంచి పడి దెబ్బలు తగిలించుకుంటున్నారు. నేల మీద గుడారం లాంటి బ్లైండ్ వేసుకోండి, దాని చుట్టూ కూడా నారింజ గుడ్డ కనిపించాలి. గాలి జింకల వైపు నుంచి మన మీదికి రావాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చవచ్చు గానీ, వెలుతురు సరిపోక కొమ్మలేవో కొమ్ములేవో తెలియనప్పుడు ఆగండి.

ఉన్ని సాక్స్, హ్యాండ్ వార్మర్లు, ఫ్లాస్క్ నిండా వేడి రాగిజావ తీసుకెళ్లండి. మూడు గంటలు కూర్చున్నాక పిల్లలు వణుకుతుంటే లేచి ఇంటికి వచ్చేయండి. వణికే చేత్తో గురి పెట్టించడం జింకకి అన్యాయం.

జింక కనిపిస్తే బైనాక్యులర్స్‌తో చూడాలి, రైఫిల్ స్కోప్‌తో వెతకకూడదు. పక్కకి తిరిగి నిలబడే దాకా ఆగి, ముందు జబ్బకి కొంచెం వెనక, ఊపిరితిత్తుల మీద గురి పెట్టాలి. అప్పుడు మీరు గుసగుసగా అడగాల్సింది ఒక్కటే: "వెనకాల ఏముంది?"

మా మొదటి ఏడాది యాభై గజాల్లో ఒక ఆడ జింక వచ్చి నిలబడింది. టాగ్ (ఆ జింకని వేటాడే అనుమతి) ఉంది, వెలుతురు ఉంది. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. అడిగాను. మా అమ్మాయి స్కోప్‌లోంచి కన్ను తీయకుండానే, "ఇంకోటి ఉంది నాన్నా, దాని కాళ్లు కనిపిస్తున్నాయి" అంది. సేఫ్టీ వేసి తుపాకీ దించేసింది. పొద నీడలో ఆ రెండో జింక నాకు కనిపించనే లేదు. ఆ ఏడు ఖాళీ చేతులతోనే ఇంటికొచ్చాం, దారిలో ప్యాన్‌కేకులు తిన్నాం.

తూటా పేలాక

రెండో ఏడు కాల్చింది. జింక పరిగెత్తి పొదల్లోకి పోయింది. వెంటనే వెంటపడకండి, అరగంట ఆగండి. ఆ అరగంట పిల్లలకి చాలా కష్టం. మా అమ్మాయి ఏడ్చింది, నేను పక్కన కూర్చున్నాను, అంతే. తర్వాత జింక నిలబడ్డ చోటికి వెళ్లి నెత్తురు చూడాలి. నురగతో లేత ఎరుపు ఉంటే ఊపిరితిత్తులకి తగిలినట్టు, దగ్గర్లోనే దొరుకుతుంది. ముదురు ఎరుపు ఉంటే కార్జానికి తగిలి ఉండొచ్చు. ఆకుపచ్చగా, వాసనగా ఉంటే పేగులకి తగిలింది. అప్పుడు చాలా గంటలు ఆగాలి, అనుభవం ఉన్నవాళ్లని పిలవాలి. వెతకకుండా వదిలేయడం మాత్రం కుదరదు.

దొరికాక గ్లవ్స్ వేసుకుని, కత్తి మొన పైకి పెట్టి పొట్ట తోలు మాత్రమే తెగేలా కోయాలి. బోటి, మూత్రం తిత్తి పగిలితే మాంసం పాడవుతుంది. పిల్లలకి కాళ్లు పట్టుకునే పని ఇవ్వండి, కత్తి మీరే పట్టండి. మాంసం తొందరగా చల్లారాలి. జింక దొరికిన మర్నాడు సాయంత్రం 5 గంటల్లోగా ఆన్‌లైన్లో గానీ ఫోన్లో గానీ రిజిస్టర్ చేయించాలి. సీసం తూటాలు మాంసంలో సన్నని ముక్కలుగా చెదురుతాయి. తినేది పిల్లలు కాబట్టి రాగి తూటాలే కొనండి.

చివరిగా సీడబ్ల్యూడీ, అంటే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. జింకల మెదడుని తినేసే ఈ జబ్బు విస్కాన్సిన్లో 2002లో బయటపడింది. దీనికి కారణమైన ప్రియాన్లు, అంటే వంకర తిరిగిన ప్రోటీన్లు, ఎంత ఉడికించినా నశించవు. మనుషులకి సోకినట్టు రుజువు లేకపోయినా, పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దనే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. డీఎన్ఆర్ పరీక్ష ఉచితం. మేం ప్యాకెట్ల మీద జింక రిజిస్ట్రేషన్ నంబర్ రాసి, ఫ్రీజర్లో వేరే అరలో పెట్టాం. రిజల్ట్ వచ్చిందేమోనని రోజూ ఫోన్లో చూడటం మా అమ్మాయి పని. అది నెగటివ్ అని వచ్చిన సాయంత్రమే పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి కుక్కర్ ఎక్కించాం. జింక మాంసంలో కొవ్వు చాలా తక్కువ కాబట్టి మటన్ కూరకన్నా రెండు చెంచాల నూనె ఎక్కువే వేయాలి.