ఇంటి దగ్గరే కారు టైర్లు, ఇంజిన్ ఎలా చూసుకోవాలి?

పోయినేడు మే నెలలో నల్లగొండ నుంచి హైదరాబాద్ పోతుంటే చిట్యాల దాటాక వెనక టైరు పంక్చర్ అయింది. మధ్యాహ్నం రెండు గంటలు, చుట్టుపక్కల నీడ కూడా లేదు. డిక్కీలోంచి స్టెప్నీ తీసి, బిగించి, జాకీ దించాను. దించగానే అది కూడా నేలకు అతుక్కుపోయింది. బండి కొన్న నాలుగేళ్లలో దానికి ఒక్కసారి కూడా గాలి కొట్టించలేదు మరి. అప్పటి నుంచి నెలకు రెండుసార్లు, పొద్దున్నే బండి తీయకముందు ఓ పావుగంట దాని చుట్టూ తిరుగుతున్నాను.

మొదట గాలి. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కనో, కొన్ని బండ్లలో పెట్రోల్ మూత లోపలో ఒక స్టిక్కర్ ఉంటుంది. ముందు టైర్లకెంత, వెనక వాటికెంత, నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత అన్నది దాని మీదే రాసి ఉంటుంది. చిన్న కార్లకు మామూలుగా 30 నుంచి 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) మధ్యలో ఉంటుంది. టైరు మీద 'మ్యాక్స్' అని అచ్చేసిన అంకెను పట్టించుకోకండి. అది టైరు తట్టుకునే గరిష్ఠం, మీ బండికి కావాల్సింది కాదు.

పంక్చర్ షాపులో "ఎంత కొట్టాలె అన్నా?" అని అడిగితే మనలో చాలామంది "నువ్వే చూసి కొట్టు" అంటారు. అతనికి మీ బండి స్టిక్కర్ ఏం తెలుసు? పైగా మన దగ్గర ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది: ఎండాకాలం గాలి తక్కువుంటే టైరు పగలదట. నిజం దానికి తలకిందులు. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతాయి, ఆ వంగడానికే లోపల వేడెక్కుతాయి. మే నెలలో హైవే మీద నూటికి దగ్గరగా పోతుంటే పగిలేది ఎక్కువగా అలాంటి టైరే.

పొద్దున 33 ఉన్న టైరు అరగంట హైవే మీద తిరిగాక 37 చూపించినా కంగారు పడొద్దు. నడిస్తే గాలి వేడెక్కి పెరుగుతుందని లెక్కేసుకునే కంపెనీ వాళ్లు ఆ అంకె వేశారు. "ఎక్కువైంది" అని అక్కడే 33కి దించేస్తే, తెల్లారి చల్లారాక 29 దగ్గర ఉంటుంది. అందుకే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నప్పుడే చూడాలి. మూడు నాలుగు వందలు పెట్టి చిన్న గేజ్ ఒకటి కొనుక్కోండి. షాపు దూరమైతే ఈ చిట్కా: ఇంటి దగ్గర 29 ఉంది, కావాల్సింది 33, అంటే నాలుగు తక్కువ. షాపుకు చేరేసరికి 31 చూపిస్తే 35 వరకు కొట్టించండి.

నైట్రోజన్ సంగతి అడుగుతారేమో. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. ఉచితంగా కొడితే కొట్టించుకుంటాను, డబ్బులు మాత్రం పెట్టను.

తర్వాత టైరు ముఖం. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైర్లు బయటికి వస్తాయి. అరచేయి పెట్టి అడ్డంగా నిమరండి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో నడుపుతున్నారని, నడుమ అరిగితే ఎక్కువతో అని, ఒకే పక్క అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో, చూపించాలని అర్థం. గాడుల మధ్య చిన్న గట్లు ఉంటాయి, టైరు వాటికి సమానంగా అరిగితే మార్చాల్సిందే. అంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందన్నమాట. టైరు పక్కన చివర నాలుగంకెలు 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. ఎక్కువ తిరగకపోయినా ఆరేళ్లు దాటిన టైరును నేను నమ్మను.

టైరు పక్కల్లో ఉబ్బు కనిపిస్తే ఇంకేం ఆలోచించొద్దు, మార్చేయండి. మా వైపు కోతల టైంలో రోడ్ల మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రిపూట ఆ రాళ్లకు తగిలి ఉబ్బిన టైర్లు ఎన్నో చూశాను. తుమ్మ ముల్లు, మేకు నేలకు తాకే భాగంలో దిగితే పంక్చర్ వేయించుకోవచ్చు, పక్కల్లో అయితే వేయించొద్దు.

స్టెప్నీకి రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువే పెట్టి ఉంచండి. టైరు మార్చాల్సి వస్తే రోడ్డు పక్కకు, గట్టి నేల మీదికి తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, మార్చే చక్రానికి మూలగా ఎదురున్న చక్రానికి రాయి అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి, జాకీ ఆ తర్వాతే. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు బిగించండి. స్టెప్నీ సన్నగా, చిన్నగా ఉండే రకమైతే వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దు.

ఇంక బానెట్ కింద. ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బాలోనూ అంతే, కానీ ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత ముట్టుకోవద్దు, ఉడుకు నీళ్లు ముఖాన చిమ్ముతాయి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పొడి పడితే శుభ్రం చేయించండి. పత్తి, వరి పొలాల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసినదానికంటే ముందే మార్చాలి.

బ్రేక్ తొక్కినప్పుడు కీచుమన్నా, తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ వదిలితే బండి ఒక పక్కకు లాగినా ఇంట్లో చూసే పని కాదు, అదే రోజు మెకానిక్ దగ్గరికి తీసుకుపోండి.