బోయానా చర్చి: ఉన్న 10 నిమిషాల్లో ఏది ముందు చూడాలి?

బల్గేరియా రాజధాని సోఫియా నడిబొడ్డు నుంచి దక్షిణంగా సుమారు 8 కిలోమీటర్లు వెళ్తే, వితోష కొండ అడుగున ఉంటుంది బోయానా చర్చి. 64 నంబరు బస్సు ఆ దారినే వెళ్తుంది. లోపల ఉండనిచ్చేది 10 నిమిషాలే, అదీ చిన్న చిన్న గుంపులుగా. మనుషుల ఊపిరిలోని తేమ, ఒంటి వేడి గోడల మీది పాత చిత్రాల రంగుల్ని పాడుచేస్తాయి. అందుకే ఈ కట్టడి, బతిమాలినా సడలదు.

కాబట్టి చదువుకోవాల్సిందంతా బయటే ముగించండి. చుట్టూ తిరిగితే మూడు కాలాల కట్టడం తెలుస్తుంది: తూర్పున 10-11 శతాబ్దాల చిన్న గుడి, మధ్యలో 13వ శతాబ్దంలో కలోయాన్ ప్రభువు కట్టించిన రెండంతస్తుల భాగం, పడమట 19వ శతాబ్దపు చేర్పు. ఈ పాత చర్చిని కూల్చకుండా ఆపిన బల్గేరియా రాణి ఎలియొనోరా సమాధి ఆవరణలోనే ఉంది.

ఫొటోలు నిషేధం, ఫోను సంచిలో పెట్టేయండి. పెద్ద సంచి వీపున ఉంటే తీసి ముందుకు తగిలించుకోండి, వెనక్కి తిరిగితే గోడకు రాసుకుంటుంది. భుజాలు కప్పుకోండి, మగవాళ్ళు టోపీ తీసేయాలి.

వెలుతురులోంచి వెళ్తారు కనుక మొదటి అర నిమిషం ఏమీ సరిగా కనిపించదు. కంగారుపడి నేరుగా గోపురం కిందికి నడవకండి. చాలామంది చేసే పొరపాటు అదే: తల పైకెత్తి నిలబడేసరికి సగం సమయం పోతుంది. మధ్య గదిలోనే 5 నిమిషాలు ఉండండి. 1259లో వేసిన నిలువెత్తు బొమ్మలు అక్కడే ఉన్నాయి: చర్చి నమూనా చేతబట్టిన కలోయాన్, భార్య దేసిస్లావా, అప్పటి బల్గేరియా రాజు కాన్‌స్టంటైన్, రాణి ఇరీనా. ముందు దేసిస్లావా ముఖం చూడండి. మూసపోసిన సాధ్వి ముఖం కాదది, ఎదుట నిలిచిన మనిషిది. తర్వాత సంత్ నికోలస్ కథా దృశ్యాలు. 18 ఉన్నాయి, అన్నీ అందవు. తుఫానులో ఓడ ఒక్కటి వెతుక్కుంటే చాలు.

మిగిలిన సమయం తూర్పు గదికి. ముందు కడరాత్రి భోజనం, అంటే క్రీస్తు శిష్యులతో చివరిసారి భోంచేసిన దృశ్యం, చూడండి. బల్ల మీద రొట్టెతో పాటు వెల్లుల్లి, ముల్లంగి కనిపిస్తాయి. ఆ తర్వాతే గోపురంలోని క్రీస్తు. అక్కడక్కడా రంగు తేడాగా ఉన్న ముక్కలు కనబడితే మరమ్మతులని కొట్టిపారేయకండి, 1259 కన్నా ముందువీ తర్వాతివీ అయిన చిత్రాల పొరలు కూడా ఈ గోడల మీద ఉన్నాయి.