తెలియని లిపి కనిపిస్తే అది ఏ రకమో ఎలా కనిపెట్టాలి?

బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే చేసేదేమీ ఉండదు, బోర్డులు చదువుకోవడం తప్ప. నాకు ఈ పిచ్చి అక్కడే పట్టుకుంది. ముందు వచ్చే 500డి బస్సునే చూడండి. దాని నుదుటి మీద కన్నడం, ఇంగ్లీషు, అంకెలు ఉంటాయి. అంటే మూడు రకాల రాత ఒకే చోట ఉన్నట్టు.

అంకెలు కూడా రాతేనా అంటారా? 1 అని రాస్తే మనం ఒకటి అంటాం, కన్నడిగులు ఒందు అంటారు, హిందీవాళ్లు ఏక్ అంటారు. గుర్తు అర్థాన్ని చెబుతుంది, ఎలా పలకాలో చెప్పదు. కాబట్టి లిపి గుండ్రంగా ఉందా, గీతల్లా ఉందా అన్నది పక్కన పెట్టండి. ఒక్క గుర్తు దేనికి నిలుస్తోంది అన్నదే చూడాలి.

1. ముందు లెక్కపెట్టండి. ఒక పేజీలో వేర్వేరు గుర్తులు పాతిక, ముప్ఫై దగ్గర ఆగిపోతే అవి విడివిడి ధ్వనుల అక్షరాలు. ఇంగ్లీషుకు 26, అరబ్బీకి 28. ఎంత చదివినా కొత్తవి వస్తూనే ఉంటే అది చైనీస్ లాంటిది. అక్కడ ఒక్కో గుర్తు ఒక మాటకో, అర్థమున్న ముక్కకో నిలుస్తుంది. చెట్టు గుర్తు రెండుసార్లు పక్కపక్కన రాస్తే తోపు, మూడు కలిపితే అడవి. అలాగని అంతా బొమ్మలే అనుకోకండి. చాలా గుర్తుల్లో ఒక పక్క అర్థానికి, ఇంకో పక్క ఉచ్చారణకు ఆధారం దొరుకుతుంది.

2. అచ్చులు ఎక్కడున్నాయో వెతకండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. ఇంగ్లీషులో అచ్చుకు సొంత కుర్చీ ఉంటుంది, హల్లు పక్కనే కూర్చుంటుంది. శివాజీనగర్‌లో ఉర్దూ బోర్డులు చూడండి. 'కితాబ్' అని రాయాలంటే క, త, దీర్ఘం, బ రాస్తారు. 'కి'లోని పొట్టి ఇకారం మామూలుగా రాయరు, చదివేవాళ్లే పూరించుకోవాలి. ఈ రకాన్ని అబ్జద్ అంటారు. కుడి నుంచి ఎడమకు రాయడానికీ దీనికీ సంబంధం లేదు, చాలామంది అక్కడే పొరబడతారు.

మనవి అబుగిడాలు. ఈ అర్థంలో అబ్జద్, అబుగిడా అన్న మాటల్ని వాడుకలోకి తెచ్చింది పీటర్ డేనియల్స్ అనే పండితుడు, 1990లో. మొదటిది అరబ్బీ అక్షరాల పాత వరుస నుంచి, రెండోది ఇథియోపియా లిపి నుంచి వచ్చాయి. మనం ఓం నమః శివాయ నుంచి ఓనమాలు చేసుకోలేదూ, అలాగే. మన 'క'లో అకారం ముందే ఉంటుంది. గుడి పెడితే 'కి', కొమ్ము పెడితే 'కు'. ఆ అకారం వద్దనుకుంటే పొల్లు పెట్టి నోరు మూయించాలి. హలసూరులో తమిళ బోర్డులు కనిపిస్తే అక్షరం నెత్తిన చుక్క కోసం చూడండి. మన పొల్లు పని చేసేది అదే, పేరు పుళ్ళి. కన్నడం సంగతి చెప్పక్కర్లేదు, తలకట్టు తేడా పోనిస్తే సగం మనదే. క, త దగ్గర మాత్రం నేను నెల రోజులు తడబడ్డాను.

3. గుణింతం పరీక్ష పెట్టండి. క, కి, కు రాస్తే మూడింట్లోనూ 'క' ఆనవాలు ఉంటుంది. జపనీస్ హిరగానాలో క, కి, కు మూడూ ఒకదానికొకటి ఏమీ కానట్టుంటాయి. అక్కడ గుణింతం లేదు, ప్రతి అక్షరాన్నీ విడిగా బట్టీపట్టాలి. మూల అక్షరాలు 46.

4. కొరియన్ దగ్గర మోసపోకండి. సూపర్‌మార్కెట్‌లో నూడుల్స్ ప్యాకెట్ మీద చతురస్రాల్లా కనిపిస్తే చైనీస్ అనుకుంటాం. చిన్న సున్నాలు కనిపిస్తే దాదాపు కొరియనే. ఒక్కో చతురస్రంలో రెండు మూడు అక్షరాలను పేర్చి పెడతారు. 'హన్' అన్న ఒక్క డబ్బాలో హ్, అ, న్ మూడూ ఉంటాయి. సెజోంగ్ రాజు 1446లో ప్రకటించిన లిపి ఇది, ఇప్పుడు వాడే మూల అక్షరాలు 24.

5. ఒకే వాక్యంలో రెండు రకాలు కలిసి కనిపిస్తే కంగారు పడకండి, అది జపనీస్ అయ్యుంటుంది. చైనా నుంచి తెచ్చుకున్న గుర్తుల పక్కనే హిరగానా, విదేశీ మాటలకు కటకానా అనే ఇంకో అక్షరాల వరుస. ఆ ప్యాకెట్‌ను తిప్పి చూస్తే, వెనక ధర మాత్రం మళ్లీ మన అంకెల్లోనే ఉంటుంది.