బరంపురంలో బండి కొన్నారు, శ్రీకాకుళంలో ఆర్‌సీ అవ్వట్లేదా?

ఇచ్ఛాపురం దాటితే బరంపురం, పాతపట్నం దాటితే పర్లాకిమిడి. మన శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ఒడిశాలో సెకండ్ హ్యాండ్ బండి కొనడమంటే పక్క ఊళ్లో కొన్నట్టే ఉంటుంది, కాగితాల దగ్గరికొచ్చేసరికే అది వేరే రాష్ట్రమని తెలిసొస్తుంది. నేను ఒక పాత కారు తెచ్చుకుని నాలుగు నెలలు అటూ ఇటూ తిరిగాను. ఇక్కడ ఆగిందనుకున్న పని చాలాసార్లు అవతలే ఆగి ఉంటుంది, కాబట్టి ముందు అటువైపు చూడండి.

సమస్య: ఎన్‌ఓసీ ఉన్నా ఆఫీసులో తీసుకోవట్లేదు

ఆ కాగితం ఎవరిచ్చారో చూడండి. ఎన్‌ఓసీ అంటే మాకు అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, అవి రెండుంటాయి. అమ్మినాయన ఫోన్‌లో "ఎన్‌ఓసీ రెడీ బాబూ" అంటే నేను పూర్తి డబ్బు ఇచ్చేశాను. తీరా చేతికొచ్చింది ఫైనాన్స్ వాళ్ల లెటర్, అప్పు తీరిపోయిందని. మనకు కావలసింది బండి మొదట రిజిస్టరైన ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ. అప్పు ఎప్పుడో తీరినా, ఆ లెటర్‌తో పాటు ఫారం 35 పెట్టి హైపోథికేషన్ (ఆర్‌సీలో ఉండే అప్పు నమోదు) తీయించేదాకా ఆర్‌సీలో ఫైనాన్స్ వాళ్ల పేరు అలాగే ఉంటుంది, అది ఉండగా ఫైనాన్స్ వాళ్ల సమ్మతి లేకుండా ఎన్‌ఓసీ కదలదు.

కాబట్టి వరస ఇది: ముందు ఫారం 35, ఆ తర్వాత ఫారం 28తో ఎన్‌ఓసీకి అప్లికేషన్. రెండూ అమ్మిన మనిషి పేరు మీదే జరగాలి, అందుకే డబ్బు మొత్తం ముట్టజెప్పాక ఆయన్ని ఆఫీసుకి రప్పించడం చాలా కష్టం. కొంత ఆపి ఉంచుకోండి, ఎన్‌ఓసీ చేతికొచ్చాక ఇవ్వండి. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి.

అప్లికేషన్ పెట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే పాత చలానాలు, పన్ను బాకీ ఉన్నాయేమో రవాణా శాఖ వాళ్ల వాహన్ పోర్టల్లో చూడండి. ఏమీ లేకపోతే గట్టిగానే అడగొచ్చు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 48 ప్రకారం ఇస్తారో ఇవ్వరో 30 రోజుల్లో చెప్పాలి.

ఇంకో చిక్కు: ఎన్‌ఓసీ మీద ఏ ఆర్టీవోకో రాసి ఉంటుంది. మీరుండేది విజయనగరంలో, ఏజెంటు విశాఖపట్నం అని రాయించాడనుకోండి, దాన్ని సరిచేయించుకోవడానికి మళ్లీ అక్కడికే వెళ్లాలి. అప్లికేషన్ పెట్టకముందే మీ ఆధార్‌లో ఉన్న అడ్రస్ చూపించి రాయించండి.

సమస్య: సంతకం కలవట్లేదని వెనక్కి పంపారు

ఇది చాలామందికి తట్టదు. అమ్మినాయన ఆఫీసు రికార్డులో ఇంగ్లీషులో సంతకం పెట్టాడు, ఓనరు మార్పు కోసం నాకిచ్చిన ఫారం 29 మీద మాత్రం ఒడియాలో పెట్టాడు. గుండ్రంగా, అందంగా ఉంది, కానీ రికార్డుతో కలవలేదు. దానికోసం మళ్లీ బస్సెక్కాను. ఓనరు మార్పుకి కావలసిన ఫారం 29, 30 రెండిటి మీదా రికార్డులో ఉన్న సంతకం లాంటిదే, మీ కళ్ల ముందు పెట్టించండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు తెచ్చుకోవద్దు.

సమస్య: ఛాసిస్ నంబరు దగ్గర ఆగింది

బండి ఫ్రేమ్ మీద చెక్కి ఉండే ఈ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. తుప్పు, గ్రీజు ఉంటే అంకెలు సగమే పడతాయి, 8 కాస్తా 3 లాగా కనిపిస్తుంది. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడిచి మళ్లీ తీయండి. గీకొద్దు, గీకితే నంబరు దిద్దారన్న అనుమానం వస్తుంది. శుభ్రం చేశాక కూడా ఆర్‌సీలో ఉన్న నంబరుతో తేడా ఉంటే మాత్రం ఆ బండి కొనకండి.

సమస్య: "ఏడాది దాకా ఒడిశా నంబరు మీద తిరగొచ్చంటగా?"

ఆ 12 నెలల మాట ఓనరు మారకుండా రాష్ట్రం మారిన బండికి సంబంధించింది. మీరు కొన్నారు, అంటే ఓనరు మారాడు. కొన్న 30 రోజుల్లో పేరు మార్పుకి పెట్టాలని సెక్షన్ 50 చెబుతోంది. ఆలస్యమైతే ఫైన్ కట్టి పెట్టుకోవచ్చు. ఇక మొదటి ఓనరు ఒడిశాలో కట్టిన పన్ను ఇక్కడ చెల్లదు, మన దగ్గర లైఫ్ టాక్స్ విడిగా కట్టాలి. బండి మొదటి ధర, వయసు చూసి లెక్క వేస్తారు కాబట్టి పాత ఇన్వాయిస్ దొరికితే అడిగి తీసుకోండి. బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ డబ్బు కలుపుకుని చూడండి, ఒక్కోసారి ఇక్కడి బండే చవగ్గా తేలుతుంది.

సమస్య: ఇన్సూరెన్స్ ఉంది, క్లెయిమ్ రాలేదు

పాలసీ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంది. కొన్న 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చమని కంపెనీకి రాయాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనరుతోనే పోతుంది, ఆ తేడా మీరే కట్టాలి. కొత్త నంబరు వచ్చాక పాలసీలో అది కూడా మార్పించండి.