సర్వర్ నెట్‌వర్క్ పోర్టుల పేర్లు రీబూట్ తర్వాత మారకుండా ఉండాలంటే

సర్వర్ విజయవాడలో, చూసుకునే మనిషి గుంటూరులో. అక్కడివాళ్లు కొత్త కార్డు బిగించి ఆన్ చేశాక పోర్టు పేరు మారిందంటే ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) అందదు. ఇక వారధి దాటి వెళ్లాల్సిందే.

లైనక్స్‌లో పాత పద్ధతి ఈటీహెచ్0, ఈటీహెచ్1. కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) ఏ పోర్టును ముందు గుర్తిస్తే దానికి ముందు నంబరు, కాబట్టి రెండు కార్డులుంటే పేర్లు తారుమారయ్యేవి. 2013లో సిస్టమ్‌డీ (బూట్, సర్వీసులు చూసే ప్రోగ్రాము) 197తో కొత్త పద్ధతి వచ్చింది. ఈఎన్ఓ1 అంటే మదర్‌బోర్డు మీది పోర్టు. ఈఎన్ఎస్2 అంటే రెండో స్లాటులోది. ఈఎన్‌పీ59ఎస్0ఎఫ్1 అంటే పీసీఐ బస్ (కార్డులను కలిపే దారి) 59, డివైస్ 0, ఫంక్షన్ 1. ఎల్ఎస్‌పీసీఐ కమాండులో ఇదే బస్ 3బి అని కనిపిస్తుంది. అది హెక్స్ (పదహారు ఆధారంగా లెక్క), పేరులోది దశాంశం (పది ఆధారంగా). చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఈఎన్ఓ పేర్లను అలాగే వదిలేయండి. ఇబ్బంది ఈఎన్‌పీలతోనే. ఎన్‌వీఎంఈ డిస్కో, జీపీయూవో (గ్రాఫిక్స్ కార్డు) కొత్తగా చేరితే బయోస్ (బోర్డులోని బూట్ ప్రోగ్రాము) బస్ నంబర్లు మళ్లీ వేస్తుంది, 59 కాస్తా 60 కావచ్చు. అలాంటి పోర్టులకు పేరు మనమే పెట్టాలి.

ముందు ఏ పోర్టు ఏదో తేల్చుకోండి. ఈథ్‌టూల్ కమాండుకు చిన్న 'పి' ఆప్షన్, పోర్టు పేరు, 10 ఇస్తే ఆ పోర్టు లైటు పది సెకన్లు మిణుకుమంటుంది (డ్రైవర్ ఒప్పుకుంటేనే). పెద్ద 'పి' ఇస్తే అసలు మ్యాక్ (కార్డుకు శాశ్వతంగా ఉండే చిరునామా) చూపిస్తుంది, దాన్నే రాసుకోండి. బాండింగ్‌లో (కొన్ని పోర్టులను ఒకటిగా కలపడంలో) చేరిన పోర్టులన్నీ మామూలుగా ఒకే మ్యాక్ చూపిస్తాయి గనక ఐపీ లింక్ కమాండులో పైకి కనిపించేదాన్ని నమ్మకూడదు.

పేరు పోర్టు చేసే పనిని చెప్పాలి: లాన్0, వాన్0, బ్యాకప్0. బీజడ్ఏ (విజయవాడ), జీఎన్‌టీ (గుంటూరు) లాంటి ఊరి కోడ్‌లు హోస్ట్‌నేమ్‌లో (సర్వర్ పేరులో) ఉంటే చాలు. అప్పుడు రెండు ఊళ్లలోనూ ఒకే ఫైర్‌వాల్ ఫైలు పనిచేస్తుంది. పేరు 15 అక్షరాలు దాటకూడదు. వీల్యాన్ (ఒకే పోర్టు మీద విడిగా నడిచే నెట్‌వర్క్) వస్తే చుక్క, నాలుగంకెలు చేరతాయి కాబట్టి పదిలోపే ఆపండి. ఈటీహెచ్‌తో మొదలయ్యే పేరు మాత్రం పెట్టొద్దు. అవి కెర్నల్ తానే పంచే పేర్లు, బూట్‌లో ఢీకొంటాయి.

తర్వాత ఈటీసీలోని సిస్టమ్‌డీ, దాని కింద నెట్‌వర్క్ ఫోల్డరులో 10-లాన్0.లింక్ అనే ఫైలు (టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే). మ్యాచ్ విభాగంలో పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్ (రాసుకున్న మ్యాక్), లింక్ విభాగంలో నేమ్ (పెట్టదలచిన పేరు). సరిపోలిన మొదటి ఫైలే అమలవుతుంది, అందుకే 99-డిఫాల్ట్ కంటే ముందొచ్చేలా 10.

పాత పేరు ఇంకెక్కడ మిగిలిందో ఈటీసీ అంతా గ్రెప్ కమాండుతో వెతకండి: నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులు), ఫైర్‌వాల్, వీల్యాన్, డీహెచ్‌సీపీ సర్వర్. ఒక్కటి మరిచినా పోర్టుకు ఐపీ రాకపోవడం లాంటి ఇబ్బంది రావచ్చు. ఆపైన ఉబుంటులో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు, రెడ్‌హ్యాట్‌లో డ్రాకట్ -ఎఫ్ కమాండు ఇవ్వండి (బూట్ తొలిదశ ఫైళ్లను మళ్లీ తయారుచేస్తుంది). ఇది చేయకపోతే బూట్ తొలిదశలో కొత్త ఫైలు కనిపించక, పాత పేరే నిలిచిపోవచ్చు.

ఐపీఎంఐ కన్సోల్ (ఎస్ఎస్‌హెచ్ పోయినా సర్వర్ తెరను దూరం నుంచి చూపేది) తెరిచి, లాగిన్ అవుతుందని చూసుకున్నాకే రీబూట్ కొట్టండి.

కార్డు పాడై మార్చితే మ్యాక్ కూడా మారుతుంది, లింక్ ఫైలు దిద్దాలి. అందుకే పేరూ మ్యాకూ రెండూ కేబుల్ మీద రాసి ఉంచండి. బెజవాడ ఎండల్లో ఏసీ ఆగిన గదిలో కాగితం స్టిక్కరు ఊడొస్తుంది, కేబుల్‌కు చుట్టే ప్లాస్టిక్ లేబులే వాడండి.